కోరంగి బోటు షికారు: పోటు వేళ చూసుకుని వెళ్ళండి, రేవు సంగతి అడగండి

కోరంగి మడ అడవి చూడ్డానికి వెళ్ళేవాళ్ళు అన్నిటికంటే ముందు ఆ రోజు పోటు ఎన్నింటికో కనుక్కోండి. కారు, భోజనం, టిక్కెట్టు, ఫొటోలు అన్నీ ఆ తర్వాతే. పోటు మీద వెళితే ఉప్పుటేరు గట్టుదాకా నిండి ఉంటుంది, మడ కొమ్మలు నీళ్ళకి ఆనుకుని ఉంటాయి, బోటు మలుపు తర్వాత మలుపు తిరుగుతూ సముద్రం వైపు సాగుతుంది. పాటు మీద, అంటే నీరు తీసినప్పుడు, వెళితే కనిపించేది ఎక్కువగా బురద, వేర్లు, పీతలు. అవీ చూడదగ్గవే, కానీ అవి నడిచి చూడాల్సినవి. ఒకే పూటలో రెండూ కావాలంటే, పాటు చివర్లో చెక్కదారి నడిచి, నీరు ఎక్కుతుండగా బోటెక్కండి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ్టి పోటు రేపు ముప్పావుగంట పైగా ఆలస్యంగా వస్తుంది, అమావాస్యకీ పున్నానికీ నీరు బాగా ఎక్కుతుంది. హడావుడిలో ఉన్నవాళ్ళు ఈ ఒక్క పేరా చదువుకుని బయల్దేరినా చాలు.

నేను కోనసీమలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. డెల్టా ఎలా ఏర్పడుతుంది, రేవు ఎందుకు పుడుతుంది, ఎందుకు పోతుంది అని ఏటా బోర్డు మీద బొమ్మ గీస్తాను. ఆ బొమ్మ నేల మీద కనిపించే చోటు కోరంగి. పైగా మా నాన్నగారి తాత ఈ వైపు నుంచే రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళాడు. అంచేత ఈ సమీక్షలో బోటు గురించి ఎంత ఉంటుందో, ఊరి గురించీ అంతకి తగ్గకుండా ఉంటుంది. బోటు బాగుందా లేదా అన్నదానికి నా జవాబు, అది ఏ నీళ్ళ మీద వెళ్తోందో మనకి ఎంత తెలుసన్నదాని మీద ఆధారపడి ఉంది.

ఊరు ఎక్కడో తెలియనివాళ్ళకి: కాకినాడ నుంచి యానాం వెళ్ళే 216 జాతీయ రహదారి మీద, చొల్లంగి దాటాక, తాళ్ళరేవుకి ముందే వస్తుంది. కాకినాడ నుంచి 20 కిలోమీటర్ల లోపే. యానాం బస్సులన్నీ ఇటుగానే పోతాయి, కాబట్టి సొంత బండి లేకపోయినా ఇబ్బంది లేదు. రోడ్డుకి తూర్పు వైపు తిరగ్గానే అడవి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన రాష్ట్రంలో ఇంత పెద్ద మడ అడవి ఇంకోటి లేదు.

మొదటిసారి నేను ఇక్కడికొచ్చింది ఒక ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలో. పేరు రాయను. పొద్దున ద్రాక్షారామం, మధ్యాహ్నం కోరంగి, సాయంత్రం యానాం అని కట్టిన ప్యాకేజీ అది. నడి మధ్యాహ్నం, నీరు పూర్తిగా తీసిన వేళకి తీసుకొచ్చి దింపారు. బోటు తిరిగేంత నీళ్ళు లేవు. గైడన్నాయన "ఇదే మడ అడవండీ, ఫొటోలు దిగండి" అని ఒక్క మాట చెప్పి చెట్టు నీడకి వెళ్ళిపోయాడు. మా బస్సులో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం "దీనికోసమా ఇంత దూరం" అని బాధపడింది. వాళ్ళ బాధ నాకు ఇప్పటికీ గుర్తే. ఈ చోటుకి అలాంటి పేరు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను. ప్యాకేజీలో వెళ్ళకండి. వెళ్ళాల్సి వస్తే, కోరంగికి చేరేది పోటు వేళకేనా అని డబ్బు కట్టేముందే అడగండి.

ఈసారి మా అమ్మని, మా పెద్దమ్మాయిని తీసుకుని, చలికాలంలో, పొద్దున్నే వెళ్ళాను. ముందు చెక్కదారి సంగతి. అడవి మధ్యలోంచి, బురదకి ఎత్తులో, చెక్కలు పరిచి కట్టిన నడకదారి ఇది. పక్కన పట్టుకోడానికి కమ్మీలున్నాయి. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అయినా ఆగుతూ ఆగుతూ చివరిదాకా నడిచింది. అక్కడక్కడ కూర్చునే వీలుంది. పొద్దున్న పూట అయితే ఎండ నెత్తిన పడదు, రెండు వైపులా చెట్లు కప్పేసి ఉంటాయి. వర్షం పడిన మర్నాడు మాత్రం చెక్కలు జారతాయి, నునుపు చెప్పులు వద్దు.

తొందరపడకుండా నడిస్తే ఈ దారే ఒక పాఠం. మడ చెట్టు చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన జానెడు వేర్లు వందల కొద్దీ ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి, చెట్టు ఆ వేర్లతో పైనుంచి గాలి పీల్చుకుంటుంది. అందుకే పాటు వేళ నడవమన్నాను, నీరు ఎక్కితే అవన్నీ మునిగిపోతాయి. ఇంకో రకం చెట్లకి కాండం నుంచే వేర్లు వంగి బురదలోకి దిగి ఉంటాయి. వాటి కాయ చెట్టున ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడుతూ, అదను చూసుకుని కిందపడి బురదలో దిగబడుతుంది. నీటిలో పడ్డా కొట్టుకుపోయి ఎక్కడో ఒకచోట పాతుకుంటుంది. మడ ఆకు మీద వేలితో రాసి నాలిక్కి తగిలిస్తే ఉప్పు తెలుస్తుంది. తాగిన ఉప్పు నీటిలోని ఉప్పుని చెట్టు ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. మా అమ్మాయి పుస్తకంలో ఎన్నిసార్లు చదివిందో, ఆకు నాకాక "నిజంగానే ఉప్పమ్మా!" అంది. తిల్ల చెట్టుని మాత్రం ముట్టుకోనివ్వకండి. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. చెట్టు గుర్తుపట్టడం రాకపోతే అక్కడ పనిచేసేవాళ్ళని అడిగితే చూపిస్తారు.

కింద బురద మీద ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న ఎర్ర పీతలు, రెక్కల మీద పాకుతూ గెంతే చిన్న చేపలు. కొంగలు, లకుముకి పిట్టలు సరేసరి. నీటికుక్కలు, చేపలు పట్టి తినే బావురుపిల్లులు ఈ అడవికి అసలు పేరు తెచ్చిన జంతువులు. బావురుపిల్లి రాత్రి తిరిగేది, పగలు కనపడుతుందని ఆశ పెట్టుకోవద్దు. బురద మీద దాని అడుగులు ఉన్నాయేమో చూడండి.

ఇక బోటు. లైఫ్ జాకెట్ అందరికీ ఇచ్చారు, వేసుకునేదాకా బోటు కదల్లేదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇది చెప్పుకోదగ్గ సంగతి. సరంగు, అంటే బోటు నడిపేవాడు, అరవై దాటిన మనిషి, ఈ ఏటి మీదే పుట్టి పెరిగానన్నాడు. మొదట మామూలుగా నడుపుకుపోతున్నాడు. నేను ఒక్క ప్రశ్న అడిగాక మొత్తం మారిపోయింది.

"బాబాయ్, ఇక్కడికి పెద్ద పెద్ద ఓడలొచ్చేవట కదా, ఎటునుంచి వచ్చేవి?"

ఆయన ఇంజిను తగ్గించి వెనక్కి తిరిగాడు. "ఎవరూ అడగరండీ ఆ సంగతి. ఈ ఏరే అండి, దీంట్లోంచే. ఇప్పుడు పాటులో మా బోటే తగులుద్దండి కింద. ఇక్కడ తెరచాప ఓడలు తిరిగేయంటే మా మనవలే నమ్మరండి, ఆయ్."

అక్కణ్ణుంచి మలుపు మలుపుకీ ఒక మాట చెప్తూ వచ్చాడు. ఎక్కడ మేట వేసింది, ఎక్కడ లోతుంది, ఏ పాయ ఎటు కలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరిలో తూర్పు పాయ గౌతమి. అది యానాం పక్కనుంచి సముద్రానికి పోయే దారిలో, కోరంగి ఏరు, గాడేరు అనే పాయలు ఉత్తరానికి విడిపోయి, ఈ అడవిలోంచి తిరుగుతూ కాకినాడ అఖాతంలో కలుస్తాయి. బోటు అఖాతం వైపు తేలగానే గాలి మారుతుంది, నీటి రంగు మారుతుంది. ఎదురుగా దూరంగా సన్నటి గీత గీసినట్టు కనిపించేది హోప్ ఐలాండ్. దాని సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే కోరంగి కథలో సగం దానిదే.

తెరచాపల కాలంలో మన తూర్పు తీరం ఓడలకి కష్టమైన తీరం. మద్రాసుతో సహా చాలా చోట్ల ఓడ ఒడ్డుకి రాలేదు. దూరంగా లంగరు వేసుకుంటే, మసూలా పడవలు కెరటాలు దాటుకుంటూ వెళ్ళి సరుకు దింపేవి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు వీచినన్నాళ్ళూ ఇంకా కష్టం. కోరంగి దగ్గర మాత్రం గోదావరి తన ఒండ్రుతో సముద్రంలోకి ఒక ముక్కు పొడిచింది. ఆ ముక్కు వెనక, ఉత్తరం వైపు, నైరుతి గాలి తగలని ప్రశాంతమైన నీళ్ళు. ఆ రుతువులో ఈ తీరం మొత్తం మీద కెరటం లేని నీళ్ళు ఇక్కడే అని ఆ కాలపు ఇంగ్లీషు వాళ్ళు రాసుకున్నారు. పైనుంచి గోదావరి మీద కలప దిగేది. ఏట్లో మెత్తటి బురద, పోటూ పాటూ ఉన్నాయి. ఓడని పోటు మీద లోపలికి తెచ్చి, నీరు తీశాక అడుగు గీకి, బల్లలు మార్చి, మళ్ళీ పోటు మీద బయటికి పంపొచ్చు. అందుకే కోరంగి సరుకు దింపే రేవుగా కంటే ఓడలు కట్టే, బాగుచేసే చోటుగా పేరు తెచ్చుకుంది. కలకత్తా నుంచి ట్రింకోమలీ దాకా పెద్ద ఓడ మరమ్మతుకి ఆగదగ్గ చోటు ఇదొక్కటే అన్నంత పేరు. పడవలు కట్టే పనితనం ఈ ప్రాంతంలో ఇంకా బతికే ఉంది. తాళ్ళరేవు వైపు చెక్క పడవల పని చేసేవాళ్ళు ఉన్నారు.

ఈ నీళ్ళ కోసమే చుట్టూ అంతమంది చేరారు. పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో యానాంలో ఫ్రెంచివాళ్ళు, దాని పక్కనే ఇంజరం, నీలపల్లిల్లో ఇంగ్లీషువాళ్ళు, ఇటు కాకినాడలోని జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. ఎవరికి కావలసిందీ ఒకటే, గోదావరి మగ్గాల మీద నేసిన బట్ట. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయాక, 1759లో కోరంగి ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. క్లాసులో చందుర్తి యుద్ధం అని ఒక వాక్యం చెప్పి తేదీ రాయించి వదిలేస్తాం. ఆ యుద్ధం ఎవరికి ఏమిచ్చిందో చూపించాలంటే పిల్లల్ని ఈ బోటెక్కించాలి.

తర్వాత వచ్చింది ఉప్పెన.

1789 డిసెంబరులో, తుపాను ఉధృతంగా ఉన్నప్పుడు, సముద్రం నుంచి ఒకదాని వెనక ఒకటి మూడు కెరటాలు వచ్చాయి. మొదటిది ఊళ్ళోకి కొన్ని అడుగుల నీరు తెచ్చింది. రెండోది చుట్టుపక్కల పల్లం అంతా ముంచింది. మూడోది మొత్తాన్నీ కప్పేసింది. ఏటి మొగలో లంగరు వేసుకున్న ఓడలు యానాం చుట్టూ ఉన్న పొలాల్లోకి కొట్టుకుపోయాయి. పోయిన ప్రాణాలు 20,000 అని ఆ కాలపు రాతలు చెప్తున్నాయి. సరంగు బోటు ఆపి అఖాతం వైపు చూపిస్తుంటే, ఆ నీళ్ళు ఎంత పలచగా, ఎంత విశాలంగా ఉన్నాయో చూశాను. ఉప్పెనకి ఇలాంటి చోటే అదను. లోతు తక్కువైన కొద్దీ తోసుకొచ్చిన నీరు పక్కకి పోలేక పైకి లేస్తుంది. గాలికి కాచిన అఖాతమే నీటికి గరాటు అయింది. ఊరికి పేరు తెచ్చిన భూగోళమే ఊరిని ముంచింది. ఇది నేను పటం చూసి చెప్పే మాట కాదు, అక్కడ బోటులో నిలబడి చుట్టూ చూస్తే ఎవరికైనా అర్థమయ్యేదే.

ఊరు మళ్ళీ లేచింది. మళ్ళీ ఓడలొచ్చాయి. 1839 నవంబరు 25న మళ్ళీ ఉప్పెన. 40 అడుగుల ఎత్తు కెరటం అని రికార్డు. మూడు లక్షల మంది పోయారనీ, 20,000 పడవలు నాశనమయ్యాయనీ చాలా పుస్తకాల్లో, ప్రపంచంలోని ఘోర విపత్తుల జాబితాల్లో కనిపిస్తుంది. ఆ అంకె నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. చుట్టుపక్కల తీరం మొత్తం కలుపుకున్నా అంత జనం ఉండేవారా అన్న అనుమానం నాది. కానీ అంకె తగ్గినంత మాత్రాన దుఃఖం తగ్గదు. ప్రపంచం మొత్తం జాబితాల్లో ఈ చిన్న ఊరి పేరు ఉంది, ఆ ఊరి పక్కనుంచి కార్లలో పోయే మనకి ఆ సంగతి తెలియదు. నాకు ఈ సమీక్ష రాయాలనిపించడానికి పెద్ద కారణం ఇదే.

రెండో ఉప్పెన తర్వాత కోరంగి పాత స్థితికి రాలేదు. అయితే రేవుని చంపింది ఉప్పెన ఒక్కటే కాదు, ఒండ్రు. నైరుతి గాలుల కాలంలో తీరం వెంట కెరటాలు ఇసుకని ఉత్తరానికి తోస్తాయి. గోదావరి దింపిన ఇసుక అలా తోసుకుపోయి, గడిచిన రెండొందల ఏళ్ళ పైచిలుకులో, ఒక పొడవాటి దిబ్బగా పెరిగింది. అదే హోప్ ఐలాండ్, సుమారు 16 కిలోమీటర్లు. ఆ దిబ్బ ఒక పక్క అఖాతాన్ని సముద్రం నుంచి కాస్తూ, ఇంకో పక్క కోరంగి నీళ్ళని మేటతో నింపేసింది. ఆవిరి ఓడలు పెద్దవై లోతు ఎక్కువ కావలసి వచ్చిన రోజుల్లోనే ఇక్కడ లోతు తగ్గిపోయింది. అదే సమయంలో, 1847లో మొదలై 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలు తవ్వారు, డెల్టా సరుకంతా కాలవ పడవల మీద కాకినాడకి చేరే దారి పడింది. ఈ వైపు పొలాలకి కోరంగి పేరుతోనే ఒక కాలవ వచ్చింది. రేవు మాత్రం కాకినాడకి వెళ్ళిపోయింది. ఈరోజు కాకినాడ యాంకరేజీలో ఓడలు నెమ్మదిగా నిలబడుతున్నాయంటే, వాటిని కాసేది కోరంగిని పూడ్చిన ఇసుకే. మా అమ్మ ఇదంతా విని "అయితే ఈ ఊరు పోయి ఆ ఊరిని నిలబెట్టిందన్నమాట" అంది.

రంగం సంగతి ఆమే ఎత్తింది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి బర్మా వరి పొలాలకి, రంగూన్ రైసుమిల్లులకి, రేవు పనికి మన తీరం నుంచి లక్షల మంది వెళ్ళారు. కాకినాడలో స్టీమరెక్కేవారు. అయినా బర్మాలో తెలుగు కూలీలందరికీ కోరంగీలనే పేరు. శ్రీకాకుళం నుంచి వెళ్ళినవాడూ కోరంగీయే, మా వైపువాడూ కోరంగీయే. రేవు పూడిపోయాక కూడా ఈ ఊరి పేరు సముద్రం అవతల బతికింది, అదీ గౌరవంగా కాదు. 1930 మేలో రంగూన్ రేవు పని దగ్గర మొదలైన గొడవల్లో ఆ కోరంగీలే ఎక్కువమంది చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, 1942లో అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా అడవులంట నడిచి వచ్చినవాళ్ళు వచ్చారు, దారిలో రాలినవాళ్ళు రాలారు. మా నాన్నగారి తాత నడిచి వచ్చినవాళ్ళలో ఒకడు. ఆయన రంగం నుంచి తెచ్చింది ఏమీ లేదని, రాత్రిళ్ళు నిద్రలో నడుస్తున్నట్టు కాళ్ళు కదిపేవాడని మా నాన్న చెప్పేవారు. మా అమ్మ ఆ మాట బోటులో మా అమ్మాయికి చెప్పింది. ఇంట్లో ఎన్నడూ చెప్పని మాట.

ఇంత కథ ఉన్న నీళ్ళ మీద, బోటు షికారు మొత్తంలో ఎవరూ అడక్కపోతే దీంట్లో ఒక్క ముక్కా చెప్పరు. నా పెద్ద ఫిర్యాదు ఇదే. అడవి గురించి, జంతువుల గురించి చెప్పడానికి బొమ్మలు, బోర్డులు ఉన్నాయి. రేవు గురించి, 1789 గురించి, 1839 గురించి నాకెక్కడా కనిపించలేదు. ఒక పటం చాలు. ఒక వైపు ఓడల కాలం నాటి తీరం, ఒక వైపు ఇప్పటి తీరం. బోటెక్కే చోట పెడితే పిల్లలు దానిముందు ఆగుతారు. సరంగులకి ఈ సంగతులు కొంత తెలుసు, వాళ్ళ పెద్దల నోట విన్నారు. అడిగితే సంతోషంగా చెప్తారు. అందుకే అడగండి.

మడ అడవి విలువ గురించి మాత్రం సరంగు అడక్కుండానే చెప్పాడు. 1996 నవంబరు 6 నాటి తుపాను ఆయన కళ్ళారా చూశాడు. కోనసీమలో ఆ రాత్రి మాకూ తెలుసు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, వేటకెళ్ళిన మత్స్యకారులు ఎంతోమంది తిరిగి రాలేదు. "మడ ఉన్నచోట నీరు మెల్లిగా వచ్చిందండి, లేనిచోట ఒక్కసారే వచ్చేసిందండి" అన్నాడు. దానికి ముందూ వెనకా రొయ్యల చెరువుల కోసం, వంటచెరకు కోసం చాలా మడ పోయింది. తర్వాత అటవీ శాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థ, ఊళ్ళవాళ్ళు కలిసి మళ్ళీ పెంచారు. పోటు నీరు ఎక్కక ఎండిపోయిన చోట్ల చేపముల్లు ఆకారంలో, నడిమధ్య పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా వాలుగా పిల్ల కాలవలు తవ్వి, ఉప్పు నీరు తిరిగేలా చేసి, గట్ల మీద మొక్కలు నాటారు. ఈ పద్ధతి గురించి చదివాను కానీ, ఎక్కడెక్కడ ఎలా తవ్వారో చెప్పింది సరంగే.

అఖాతం అవతల, దక్షిణాన, గాడిమొగ వైపు చూస్తే ఇంకో కాలం కనిపిస్తుంది. సముద్రం అడుగున తీసిన కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ గ్యాసు 2009 నుంచి అక్కడే ఒడ్డుకి చేరుతోంది. బట్ట పోయింది, బియ్యం పోయింది, ఇప్పుడు గ్యాసు. మా అమ్మాయి చేత నోట్సులో ఇది రాయించాను.

తిండి విషయం త్వరగా చెప్పేస్తాను. హైవే పక్కన ఉన్న చిన్న మెస్సుల్లో చేపల కూర బాగుంటుంది. మేం తిన్నచోట పండుగప్ప పులుసు, మడ పీతల ఇగురు, రొయ్యల వేపుడు ఉన్నాయి. పీతల ఇగురు అందరికీ నచ్చింది, కారం మాత్రం గట్టిగా ఉంది, పిల్లలకి ముందే చెప్పి తగ్గించమనండి. పండుగప్ప ముక్క తాజాగా ఉంది. శాకాహారులకి పప్పు, గోంగూర, పెరుగు దొరుకుతాయి, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. అడవి లోపల తినడానికి ఏమీ తీసుకెళ్ళకండి. నీళ్ళ సీసా తప్పదు, కానీ దాన్ని వెనక్కి తెచ్చుకోండి. చెక్కదారి కింద వేర్ల మధ్య ఇరుక్కున్న చిప్స్ కవర్లు చూస్తే కడుపు తరుక్కుపోయింది. అక్కడ పడింది పాటు తీసుకెళ్ళి సముద్రంలో వేస్తుంది, పోటు మళ్ళీ తెచ్చి వేర్లకి చుడుతుంది.

ఇంకొన్ని ఉపయోగపడే సంగతులు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, వలస పక్షులు వస్తాయి. నవంబరులో తుపాను హెచ్చరిక ఉన్నరోజుల్లో అటు వెళ్ళకండి, బోట్లు కూడా నడపరు. దోమలు ఉంటాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి. దుర్భిణీ ఉంటే తెచ్చుకోండి. ఆదివారాలు గుంపులు ఎక్కువ, బోటు కోసం నిలబడి ఉండగానే పోటు దాటిపోవచ్చు, వీలైతే మామూలు రోజున రండి. పుష్య అమావాస్యకి, అంటే చొల్లంగి అమావాస్యకి, సప్తసాగర యాత్ర మొదలుపెట్టే జనంతో చొల్లంగి దగ్గర రోడ్డు నిండిపోతుంది. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల వరసగా స్నానాలు చేసే యాత్ర అది. ఆ యాత్ర చేసేవాళ్ళకి కోరంగి కూడా ఒక మెట్టే. షికారు కోసమే వచ్చేవాళ్ళు ఆ ఒక్కరోజు మానుకుంటే మేలు.

పూట మిగిలితే యానాం వెళ్ళండి. అక్కడ గౌతమి ఒడ్డున కూర్చుని, ఎదురుగా ఆ వెడల్పు చూస్తూ, 1789లో ఓడలు ఎక్కడిదాకా కొట్టుకొచ్చి ఉంటాయో పిల్లల్ని ఊహించమనండి. మా అమ్మాయి కొబ్బరి చెట్టు చూపించి "దీనికంటే ఎత్తులోనా?" అని అడిగింది. 1839 కెరటానికి రాసిన 40 అడుగులంటే ఇంచుమించు అంతే.

చెక్కదారికి అయిదుకి అయిదు ఇస్తాను. బోటుకి, భద్రతకి, సరంగు మాటకి నాలుగున్నర. రేవు కథ చెప్పే ఏర్పాటు లేనందుకు ఒకటి తగ్గించి, మొత్తానికి అయిదుకి నాలుగు. ఆ ఒకటి ఒక పటంతో, రెండు పేరాల బోర్డుతో వెనక్కి వచ్చేస్తుంది. సంక్రాంతి సెలవుల తర్వాత మా తొమ్మిదో తరగతిని తీసుకెళ్తున్నాను. ఓడల కాలం నాటి తీరం, ఇప్పటి తీరం రెండూ గీసిన చార్టు పిల్లలే తయారుచేస్తున్నారు. సరంగుకి ఫోను చేసి ఆ రోజు పోటు ఎన్నింటికో అడిగితే, పొద్దున తొమ్మిదిన్నరకి నీరు ఎక్కడం మొదలవుతుంది, పిల్లల్ని ఎనిమిదిన్నరకల్లా చెక్కదారి మీద ఉంచమన్నాడు.